టూరింగ్ బైకు దిగి ట్రైకు ఎక్కేవారికి: మొదటి వెయ్యి మైళ్ల మార్గదర్శి

ఆటో వేగంగా మలుపు తిరిగేటప్పుడు డ్రైవరు ఎటు ఒరుగుతాడో గుర్తు తెచ్చుకోండి. మలుపు లోపలి వైపుకు ఒరుగుతాడు. హ్యాండిల్ ఎటు తిప్పితే బండి అటే పోతుంది, మనిషి మాత్రం బయటికి విసిరేసినట్టవుతాడు. టూరింగ్ బైకు మీద ఏళ్ల తరబడి నేర్చుకున్నది దీనికి పూర్తిగా తిరగబడిన విద్య. అందుకే ట్రైకు, అంటే మూడు చక్రాల మోటార్‌సైకిల్, కొన్నాక జరిగే ప్రమాదాల్లో కొత్తగా బండి నేర్చుకున్నవాళ్లే కాదు, బైకు బాగా వచ్చినవాళ్లూ ఉంటారు.

ఇది అమెరికాలో గోల్డ్‌వింగ్, ఎలక్ట్రా గ్లైడ్ లాంటి బరువైన బండ్లు నడుపుతూ, మోకాళ్ల వల్లో నడుము వల్లో సిగ్నల్ దగ్గర బండి బరువు ఆపుకోవడం కష్టమై మూడు చక్రాలకు మారదామనుకునే మనవాళ్ల కోసం. మారాలా వద్దా అన్న చర్చ ఇక్కడ లేదు. మారదామని తేల్చుకున్నాక ఏ పని ముందు, ఏది తరువాత అన్నదే విషయం.

## 1. ముందు తేలాల్సింది: ఏ మూడు చక్రాలు

మూడు చక్రాల మోటార్‌సైకిళ్లన్నీ ఒకటి కావు. మూడు రకాలు, మూడు తీరులు.

ముందు ఒకటి, వెనక రెండు. హార్లీ ట్రై గ్లైడ్, ఫ్రీవీలర్, వెనక రెండు చక్రాలు బిగించే కిట్ వేసిన గోల్డ్‌వింగ్‌లు ఈ కోవలోవి. మన ఆటో అమరికే. క్లచ్, గేర్లు, చేతి బ్రేకు, కాలి బ్రేకు పాత చోటే ఉంటాయి కాబట్టి చేతులకు కొత్తదనం తక్కువ. మలుపులో బ్రేకు వేస్తే మాత్రం మూడింటిలో తొందరగా చక్రం పైకి లేపేది ఇదే.

ముందు రెండు, వెనక ఒకటి. కాన్-ఆమ్ స్పైడర్, రైకర్, కాన్యన్. బ్రేకు వేసినప్పుడు బరువు వెడల్పున్న వైపుకు వస్తుంది, అందుకే ఆగడంలో నిబ్బరంగా ఉంటుంది. చేతి బ్రేకు ఉండదు. కుడి కాలి కింద ఒకే పెడల్ మూడు చక్రాలనూ ఆపుతుంది.

మలుపులో ఒరిగేవి. యమహా నైకెన్, పియాజియో ఎంపీ3. ఇవి బైకులాగే ఒరుగుతాయి కాబట్టి పాత అలవాట్లు పనికొస్తాయి. నైకెన్ మాత్రం ఆగినప్పుడు తనంతట తాను నిలబడదు, కాలు కింద పెట్టాల్సిందే. మోకాలి నొప్పి వల్ల మారుతున్నవారు దాన్ని కొంటే డబ్బులు పోయి నొప్పి అలాగే మిగులుతుంది. ఎంపీ3కి ఆగేటప్పుడు ఒరుగుడును బిగించే లాక్ ఉంది.

ఈ మార్గదర్శి మొదటి రెండు రకాల గురించే.

ఒక్క ప్రశ్న వేసుకోండి: మీ ఎడమ చేయి రోజంతా క్లచ్ లాగగలదా? లాగలేకపోతే స్పైడర్ ఆర్‌టీ వైపు చూడండి. దాని ఆరు గేర్లు క్లచ్ లివర్ లేకుండా ఎడమ చేతి వేళ్లతోనే మారతాయి. రైకర్‌లో గేర్ల గొడవే లేదు. చేతులు బాగుండి కాళ్లే సమస్య అయితే ముందు ఒక చక్రం ఉన్నవి మీకు ఇంట్లో బండిలా అనిపిస్తాయి.

## 2. ఉన్న బండికే కిట్ వేయించుకుంటే

గోల్డ్‌వింగ్ మీద మమకారం వదలనివారికి ఇది దారి. వెనక చక్రాన్ని, దాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్‌ను తీసేసి, మలుపులో రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉన్న ఇరుసు, రెండు కారు టైర్లు, కొత్త వెనక బాడీ బిగిస్తారు. కిట్టు, బిగింపు, రంగు కలిపితే పది వేల డాలర్లు దాటడం మామూలే.

బండి ఇచ్చే ముందు చేయించాల్సిన పనులు ఉన్నాయి. బాడీ బిగిశాక వెనక భాగంలో చేయి పెట్టడం కష్టం. గంటలో అయ్యే పని పూటంతా పడుతుంది.

- హ్యాండిల్ బేరింగులు చూపించి, గీసుకుపోతున్నట్టుంటే మార్చాలి.
- బ్రేక్ ద్రవం, కూలెంట్, వెనక డ్రైవ్ నూనె కొత్తవి పోయించాలి.
- వెనక వైరింగ్‌లో సొంతంగా తగిలించుకున్న లైట్లు, చార్జర్లు తీసేయాలి. బిగించేవాళ్లకు అవి ముళ్లకంప.
- ముందు టైరు తయారీ తేదీ చూడాలి. టైరు పక్కన ఉన్న నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం.

బిగించేవారిని అడగాల్సినవి:

- ధరలో రేక్ కిట్ కలిపి చెబుతున్నారా? ముందు ఫోర్కును సాధారణంగా నాలుగున్నర నుంచి ఆరు డిగ్రీలు ముందుకు జరిపే భాగం ఇది. లేకపోయినా బండి నడుస్తుంది, కానీ ప్రతి మలుపుకూ భుజాలతో తోయాలి. దీనికి కక్కుర్తి పడ్డవారు ఆరు నెలల్లో మళ్లీ షాపుకు వస్తారు, రెండోసారి కూలి అదనం.
- పార్కింగ్ బ్రేకు ఉందా? ట్రైకుకు సైడ్ స్టాండ్ ఆసరా లేదు. వాలులో గేరును నమ్ముకుని వదిలేయకూడదు.
- ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసేది), ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారి తిరగకుండా చూసేది) ఏమవుతాయి? 2018 తరువాతి గోల్డ్‌వింగ్‌లో ఎలక్ట్రానిక్స్ ఎక్కువ. డీసీటీ బండి (గేర్లు తనంతట తానే మార్చుకునేది) అయితే కిట్ దానికి సరిపోతుందని రాతపూర్వకంగా తీసుకోండి.
- స్పీడోమీటర్ సరిచేసి ఇస్తారా? వెనక టైరు చుట్టుకొలత మారితే వేగం, మైళ్లు రెండూ తప్పు చూపించవచ్చు. ఫోన్ జీపీఎస్‌తో 40, 60 మైళ్ల వేగం దగ్గర పోల్చి చూసుకోండి.
- మొదటి 500 నుంచి 1000 మైళ్ల మధ్య బోల్టులు మళ్లీ బిగించడం ధరలో ఉందా? ఇది అడగకుండా బండి తేవద్దు.

## 3. వాడిన ట్రైకు కొంటుంటే

కిట్ బండి అయితే మొదట కిట్ తయారుచేసిన సంస్థ ఇంకా నడుస్తోందా, విడిభాగాలు దొరుకుతున్నాయా కనుక్కోండి. బండి కంపెనీ డీలరు వెనక సగాన్ని ముట్టుకోనని చెప్పడం సాధారణం. దగ్గర్లో ట్రైకు పని తెలిసిన మెకానిక్ లేకపోతే ఎంత చవకైనా అది ఖరీదైన బండే.

తరువాత ఈ జాబితా పట్టుకుని చుట్టూ తిరగండి:

- వెనక రెండు టైర్ల అరుగుదల సమానంగా ఉందా? ఒకటే లోపలి అంచున అరిగితే ఇరుసు అమరిక తప్పింది.
- స్పైడర్ అయితే ముందు టైర్లలోనూ అదే చూడాలి. అలైన్‌మెంట్ తప్పిన స్పైడర్ హైవే మీద పాములా పోతుంది.
- గేరు వేసి వదిలినప్పుడు వెనక నుంచి టక్కుమనే చప్పుడు వస్తోందా?
- బెల్టు ఉన్న బండికి పళ్ల మధ్య చీలికలు, రాళ్లు దిగిన గుర్తులు ఉన్నాయా?
- రివర్స్ పనిచేస్తోందా? వాలు మీద పార్కింగ్ బ్రేకు పట్టుకుంటోందా?
- బండి గుర్తింపు నంబరు (విన్) వేసి అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో చూస్తే, కంపెనీ వెనక్కి పిలిచి సరిచేయాల్సిన లోపాలు (రీకాల్స్) ఏమైనా మిగిలి ఉన్నాయా?
- టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ట్రైకు అని ఉందా, ఇంకా రెండు చక్రాల బండి అనే ఉందా?

చివరి ప్రశ్నకు జవాబు తేడాగా ఉంటే సరిచేయించే బాధ్యత అమ్మేవారిదే. డబ్బు చేతులు మారాక అది మీ తలనొప్పి.

## 4. కాగితాలు

లైసెన్సు నియమం రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియాలో మూడు చక్రాల మోటార్‌సైకిల్‌కు మామూలు క్లాస్ సీ కారు లైసెన్సు చాలు. వాషింగ్టన్ రాష్ట్రంలో రెండు చక్రాల ఎండార్స్‌మెంట్ (లైసెన్సు మీద వేసే మోటార్‌సైకిల్ అనుమతి) వేరు, మూడు చక్రాలది వేరు. రెడ్‌మండ్, బెల్‌వ్యూ వైపు ఉన్నవారు పాత ఎండార్స్‌మెంట్‌తో ట్రైకు ఎక్కేస్తే అది లైసెన్సు లేని కిందే లెక్క. మిగతా చోట్ల మీ రాష్ట్ర డీఎంవీ (వాహన శాఖ) సైటులో చూసుకోవాలి. ట్రైకు మీద పరీక్ష ఇచ్చి లైసెన్సు తెచ్చుకుంటే చాలాచోట్ల అది మూడు చక్రాలకే పరిమితం, దానితో మళ్లీ బైకు నడపలేరు.

మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్‌కు మూడు చక్రాల బండ్ల కోసమే ప్రత్యేక కోర్సు ఉంది. బైకు కోర్సు ఎప్పుడో చేశామని దీన్ని తోసిపుచ్చకండి, కింద చెప్పే అభ్యాసాలను పక్కన ఒక శిక్షకుడు చూస్తూ చేయించడానికి అంతకన్నా చవకైన దారి లేదు.

బీమా దగ్గర చాలామంది జారిపోయేది ఇక్కడ: కిట్ వేయించాక కంపెనీకి చెప్పరు. పాలసీలో అదనపు భాగాలకు ఉండే మొత్తం తరచూ కొద్ది వేల డాలర్లకే పరిమితం. కిట్ బిల్లు, రంగు బిల్లు, ఫొటోలు పంపి, ఆ విలువ పాలసీలో రాయించుకోండి. బండి షాపు నుంచి బయటికి రాకముందే.

భారత్‌లో ఉన్నవారికి ఒక మాట. ఇలాంటి కిట్లు అక్కడ ఇష్టమొచ్చినట్టు వేయించడం కుదరదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడాన్ని కట్టడి చేస్తుంది. వికలాంగులు తమ అవసరానికి బండి మార్పించుకోవడానికి వెసులుబాటు ఉంది, దానికి ఆర్టీఓ దగ్గర వేరే పద్ధతి.

## 5. బండి ఇంటికొచ్చిన రోజు: కదపకుండా చేసే పనులు

ట్రై గ్లైడ్ వెడల్పు సుమారు నాలుగున్నర అడుగులు, స్పైడర్ ఆర్‌టీ అయిదు అడుగులు దాటుతుంది. గ్యారేజ్‌లో కారు పక్కన పట్టుతుందా అన్నది టేపుతో ముందే కొలవండి. దిగడానికి, సీటు మీద కాలు తిప్పడానికి ఒక పక్క రెండు అడుగులైనా ఉండాలి. నేల మీద ముందు చక్రం ఆగాల్సిన చోట రంగు టేపు అంటించుకుంటే రోజూ కొలత తప్పదు.

టైర్ల గాలి. ఇది చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ట్రైకు వెనక ఉన్నది కారు టైరే అయినా దాని మీద కారు బరువు లేదు. అలవాటుగా 35 పీఎస్‌ఐ కొడితే బండి బంతిలా ఎగురుతుంది, టైరు మధ్యలో అరుగుతుంది. కిట్ బండ్లలో ఇరవైల్లోనే ఉంచుతారు. స్పైడర్ ఆర్‌టీలో ముందు ఇరవైకి అటూ ఇటూ, వెనక 28 దగ్గర. మీ బండికి అంటించిన స్టిక్కరు చెప్పిందే తుది మాట.

స్టిక్కరు లేని కిట్ బండికి సుద్దముక్క పరీక్ష చేయండి. టైరు నేలను తాకే పట్టీ మీద అడ్డంగా మందంగా సుద్ద గీత గీసి, తిన్నగా ఓ వంద అడుగులు పోనివ్వండి. గీత మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. అంతటా ఒకేలా చెరిగేదాకా రెండేసి పీఎస్‌ఐ మార్చుకుంటూ పోవాలి.

కూర్చునే తీరు. మోచేతులు వంగి ఉండాలి. మలుపులో బయటి వైపు హ్యాండిల్‌ను తోయాల్సి వస్తుంది కాబట్టి, చేయి పూర్తిగా చాచితే తప్ప అందని హ్యాండిల్ పనికిరాదు. హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి చూడండి. వీపు సీటు నుంచి లేస్తే హ్యాండిల్‌ను వెనక్కి జరిపే రైజర్లు వేయించాలి.

స్విచ్చులు. ఇంజిన్ ఆపి, చూడకుండా రివర్స్, పార్కింగ్ బ్రేకు, హారన్ చేతికి తగిలేదాకా వెతకండి. స్పైడర్‌లో ఎడమ బొటనవేలితో తోస్తే గేరు పెరుగుతుంది, చూపుడువేలితో లాగితే తగ్గుతుంది. తగ్గించడం మరిచినా వేగం పడిపోయినప్పుడు బండే తగ్గించుకుంటుంది. పెంచడం మాత్రం మీ పనే.

## 6. మరిచిపోవాల్సిన మూడు అలవాట్లు

మిగతాది ఏది దాటవేసినా, ఈ భాగం రెండుసార్లు చదవండి.

మొదటిది: తిరగాల్సిన వైపు హ్యాండిల్‌ను తోయడం. బైకు మీద పదిహేను మైళ్ల వేగం దాటాక కుడికి పోవాలంటే కుడి హ్యాండిల్‌ను ముందుకు నొక్కుతాం. బండి కుడికి ఒరిగి కుడికి తిరుగుతుంది. ట్రైకు ఒరగదు. కుడి హ్యాండిల్ నొక్కితే ముందు చక్రం ఎడమకు తిరుగుతుంది, బండి ఎడమకు పోతుంది. అంటే కుడి మలుపులో ఎదుటి వాహనాల లేన్‌లోకి.

భయం పుట్టినప్పుడు చేతులు పాత పనే చేస్తాయి. బండి తప్పు వైపు పోతోందని అదే తప్పును ఇంకా గట్టిగా చేస్తాయి. కుడి మలుపులో ఎడమ చేత్తో తోయాలి, కుడి చేత్తో లాగాలి. నోటితో చెప్పుకుంటూ చేయడం సిగ్గుపడాల్సిన పని కాదు: "బయటి చేయి తోయి, లోపలి చేయి లాగు."

రెండోది: ఆగబోతూ కాలు దించడం. ముందు ఒకటి, వెనక రెండు చక్రాలున్న బండిలో మీ మడమ వెనకే వెనక టైరు ఉంటుంది. కదులుతున్న బండి నుంచి కాలు కింద పెడితే టైరు దాని మీదికి ఎక్కుతుంది. అయిదు మైళ్ల వేగంలో కూడా చీలమండ విరుగుతుంది. స్పైడర్‌లో వెనక చక్రం మధ్యలో ఉన్నా, కాలు బండి కింద చిక్కే అవకాశం పోదు. బండి పూర్తిగా ఆగి, పార్కింగ్ బ్రేకు పడేదాకా కాళ్లు పెగ్గుల (కాళ్లు పెట్టుకునే కడ్డీల) మీదే.

మూడోది: చేతి బ్రేకు. ఇది స్పైడర్, రైకర్‌లకు. ముందు కారు ఠక్కున ఆగగానే కుడి చేతి వేళ్లు గాలిని పట్టుకుంటాయి. అర సెకను పోతుంది. 60 మైళ్ల వేగంలో అర సెకను అంటే 44 అడుగులు. దీనికి మందు కాలితో వేసే బ్రేకును వందల సార్లు చేయడమే.

## 7. ఖాళీ పార్కింగ్ లాట్: ఈ వరసలోనే

ఆదివారం ఉదయం మూసి ఉన్న ఆఫీసు లాటు వెతికి, అనుమతి అడిగి వెళ్లండి. 200 అడుగుల పొడవైనా ఉండాలి. వాలు, కంకర, కరెంటు స్తంభాలు లేని చోటు. డజను చిన్న కోన్లు, లేదా సగానికి కోసిన టెన్నిస్ బంతులు. హెల్మెట్, గ్లవ్స్, బూట్లు రోడ్డు మీద వేసుకున్నట్టే.

ఒక్కో అభ్యాసం తప్పు లేకుండా వరసగా అయిదుసార్లు వస్తేనే తరువాతిదానికి వెళ్లాలి. రోజుకు గంటన్నరకు మించవద్దు. భుజాలు అలిసిపోయాక నేర్చుకునేవన్నీ తప్పులే.

అభ్యాసం 1. కదలడం, ఆగడం. మొదటి గేరులో నడక వేగంతో 50 అడుగులు పోయి ఆగాలి. ఇరవైసార్లు. పక్కన ఒకరిని నిలబెట్టి మీ కాళ్లనే చూడమనండి. కాలు పెగ్గు వదిలిన ప్రతిసారీ లెక్క మళ్లీ ఒకటి నుంచి.

అభ్యాసం 2. రివర్స్. వెనక్కి చూస్తూ ఒక పార్కింగ్ గడిలోకి ఎక్కించాలి. ముందు రెండు చక్రాలున్న బండిలో ముందు భాగమే వెడల్పు. వెనక్కి పోతూ తిప్పినప్పుడు ముందు మూల బయటికి విసురుతుంది, పక్క కారును గీకేది అదే.

అభ్యాసం 3. సున్నాలు చుట్టడం. 40 అడుగుల వ్యాసం గుండ్రం, 8 నుంచి 10 మైళ్ల వేగం. ఎడమకు అయిదు చుట్లు, కుడికి అయిదు. నడుము నుంచి లోపలికి ఒరగాలి. గడ్డం లోపలి చేతి మీదుగా ఉండేంత ఒరిగితే సరిపోతుంది.

అభ్యాసం 4. కోన్ల మధ్య వంకర. 30 అడుగులకొకటి చొప్పున ఆరు కోన్లు. 12 మైళ్ల వేగం. పాత అలవాటు బయటపడేది ఇక్కడే. మొదటి రెండు కోన్లు దాటాక చేతులు తమంతట తాము తిరగబడతాయి. కోన్ తగిలితే కంగారు పడనక్కర్లేదు, కానీ రోడ్డు మీదైతే అక్కడ కారు ఉండేదని గుర్తుంచుకోండి. వెడల్పును కూడా గుర్తుపెట్టుకోండి: కళ్లు ముందు చక్రం దారినే చూస్తాయి, కోన్‌ను తన్నేది వెనక టైరు.

అభ్యాసం 5. మలుపు. తిన్నగా ఉన్నప్పుడే వేగం తగ్గించాలి, మలుపు చివరి వైపు చూడాలి, ఒరగాలి, తోయాలి, థ్రాటిల్‌ను సమంగా ఉంచాలి. 12 మైళ్లతో మొదలుపెట్టి రెండేసి పెంచుతూ 20 దాకా.

లోపలి చక్రం తేలికైనట్టు అనిపిస్తే అది హెచ్చరిక. అప్పుడు బ్రేకు తొక్కకండి. థ్రాటిల్ మెల్లగా తగ్గించి హ్యాండిల్‌ను కాస్త వదులు చేస్తే చక్రం దిగుతుంది. ముందు ఒకే చక్రం ఉన్న బండిలో మలుపు మధ్య గట్టిగా బ్రేకు వేస్తే బరువంతా ముందుకు, అంటే త్రికోణం సన్నగా ఉండే కొసకు వెళ్తుంది. పక్కకు ఆపే వెడల్పు అక్కడ లేదు. ఆటోలు బోర్లా పడేది ఈ లెక్కతోనే.

అభ్యాసం 6. తిన్నగా పోతూ గట్టిగా ఆగడం. 20 మైళ్ల నుంచి, తరువాత 25 నుంచి. ఏబీఎస్ కొట్టుకోవడం కాలికి తెలిసేదాకా తొక్కాలి. ప్రతిసారీ ఆగిన చోట బంతి పెట్టి అడుగులు కొలుచుకోండి.

అభ్యాసం 7. మలుపులో ఆగడం. ముందు హ్యాండిల్ నిటారు, తరువాత బ్రేకు. రెండూ కలపవద్దు. అడ్డంకిని తప్పించడానికీ అదే సూత్రం: తప్పించు, నిటారు చేయి, అప్పుడు ఆపు.

స్పైడర్ నడిపేవారు ఒక విషయానికి సిద్ధంగా ఉండాలి. మలుపులో హద్దు దాటుతున్నారని అనిపిస్తే దాని స్థిరత్వ వ్యవస్థ ఇంజిన్ బలం కోసి, ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేస్తుంది. బండి చచ్చిపోయినట్టు ఉంటుంది. చెడిపోయిందనుకుని థ్రాటిల్ ఇంకా తిప్పకండి. లాటులో ఒకసారి తెలిసి రప్పించి చూసుకుంటే, రోడ్డు మీద అది మొదటిసారి కాదు.

## 8. రోడ్డు మీదికి

- మొదటి 50 మైళ్లు: ఇంటి చుట్టుపక్కల 25 నుంచి 35 మైళ్ల వేగంతో పోయే రోడ్లు. పగలు, ఎండ, ఒంటరిగా.
- తరువాతి 150: 45 మైళ్ల వేగంతో పోయే రోడ్లు, సిగ్నళ్లు, ఎడమ మలుపులు, పెట్రోలు బంకు.
- తరువాతి 300: హైవే. మొదటి రోజు రెండు మూడు ఎగ్జిట్లకే.
- 500 తరువాత: వాన, ఈదురుగాలి, కొండ రోడ్డు, వెనక మనిషి. ఒక్కోసారి ఒక్కటే కొత్తది.

హైవే ఎగ్జిట్ దగ్గర పసుపు బోర్డు మీద వేగం ఉంటుంది. బైకు మీద దానికి పది కలిపి పోయేవారు. ట్రైకు మీద మొదటి వెయ్యి మైళ్లు బోర్డు అంకెకు ఒక్కటి కూడా కలపకండి. చుట్టు తిరుగుతూ బిగుసుకుపోయే ఎగ్జిట్లలో లోపలి చక్రం లేవడానికి అలా కలపడమే కారణం.

గుంతల లెక్క మారుతుంది. బైకుకు ఒక జాడ, కారుకు రెండు, ట్రైకుకు మూడు. గుంతను చక్రాల మధ్య వదిలేయడం కుదరదు, మధ్య చక్రం అందులోనే దిగుతుంది. తప్పించలేనప్పుడు వేగం తగ్గించి నిటారుగా దాటండి. ఒక పక్క చక్రమే గుంతలో పడితే హ్యాండిల్ చేతిలోంచి లాగినట్టవుతుంది.

లేన్ మధ్యలో నూనె చారిక ఉంటుంది, టోల్ బూత్‌లు, సిగ్నళ్ల దగ్గర మరీ ఎక్కువ. బైకు మీద దాన్ని తప్పించి పక్క జాడలో పోయేవారు. ట్రైకు మధ్య చక్రం నేరుగా దాని మీదే. వాన పడిన మొదటి పావుగంట ఆగి టీ తాగడం మేలు. నిలిచిన నీటి మీద వెడల్పు టైరు, తక్కువ బరువు కలిస్తే టైరు తేలుతుంది. స్పైడర్ వెనక టైరు 225 మిల్లీమీటర్ల వెడల్పు, అందుకే గాడులు అరిగిన టైరుతో వానలో వెళ్లకూడదు.

కాలిఫోర్నియా వారు లేన్ల మధ్య దూరే అలవాటు ఇంట్లోనే వదిలి రావాలి.

## 9. తరచూ వచ్చే ఫిర్యాదులు

"చేతులు, భుజాలు లాగేస్తున్నాయి." మొదటి రెండు మూడు వారాలు సహజం. తగ్గకపోతే హ్యాండిల్ దూరం చూడండి, కిట్ బండి అయితే రేక్ కిట్ ఉందో లేదో చూడండి.

"బండి హైవే మీద అటూ ఇటూ ఊగుతోంది." పదింట తొమ్మిది సార్లు కారణం పిడికిలి. గట్టిగా పట్టుకుంటే రోడ్డు మీద ప్రతి ఎత్తుపల్లం మీ భుజాల నుంచి మళ్లీ హ్యాండిల్‌లోకి వెళ్తుంది. గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకుని మళ్లీ చూడండి. అప్పటికీ ఊగితే వరసగా టైర్ల గాలి, అలైన్‌మెంట్. స్పైడర్‌కు వెనక చక్రాన్ని ఆధారం చేసుకుని లేజర్‌తో అలైన్‌మెంట్ చేసేవారి దగ్గరికే వెళ్లండి.

"కుడికి లాగుతోంది." అమెరికా రోడ్లు నీరు పోవడానికి కుడి అంచుకు వాలి ఉంటాయి. ఒరగని బండి ఆ వాలును వెంబడిస్తుంది. చదునైన లాటులో వదిలి చూడండి. అక్కడ తిన్నగా పోతే బండిలో దోషం లేదు.

"20, 30 మైళ్ల మధ్య వేగం తగ్గుతుంటే హ్యాండిల్ వణుకుతోంది." ఇది కిట్ బండ్ల జబ్బు. ముందు టైరు గాలి, అరుగుదల, తరువాత హ్యాండిల్ బేరింగ్ బిగుతు. రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉన్నప్పుడు వణుకు తెలియకపోయినా, బేరింగ్ వదులుగా ఉంటే అది పెరిగేదే గానీ తగ్గేది కాదు.

"మలుపులో బయటికి విసిరేస్తోంది." ముందు వేగం తగ్గించండి. అది చేశాక కూడా స్పైడర్ బాడీ ఎక్కువగా ఊగుతుందనిపిస్తే గట్టి స్వే బార్ (బాడీ పక్కలకు ఊగకుండా పట్టే కడ్డీ) వేయించుకోవచ్చు. వరస తిరగేసి ముందే స్వే బార్ కొనేవారు తప్పును డబ్బుతో కప్పుతున్నట్టే.

"ముందు టైరు తొందరగా పోతోంది." కిట్ బండిలో ముందు టైరు ఒరగదు, పక్కకు రాసుకుంటూ తిరుగుతుంది. బైకు టైరు భుజాలు అందుకే అరుగుతాయి. మైళ్లు కాదు, గాడుల లోతు చూసి మార్చండి.

"ఎత్తు మీద వెనక్కి జారింది." స్పైడర్‌లో ఇంజిన్ వేగం పెరిగితేనే క్లచ్ పట్టుకుంటుంది. బ్రేకు మీద కాలు ఉంచి, థ్రాటిల్ తిప్పి, బండి ముందుకు లాగుతున్నట్టు తెలిశాకే కాలు తీయాలి. బ్రేకు బదులు థ్రాటిల్‌తో వాలులో ఆపి ఉంచితే క్లచ్ వేడెక్కి అరుగుతుంది.

## 10. వెనక మనిషి, సామాను

బైకు మీద "కదలకుండా కూర్చో" అని చెప్పేవారు. ఇక్కడ "మలుపులో నాతో పాటు లోపలికి ఒరుగు" అని చెప్పాలి. వెనక కూర్చునేవారు భయంతో బయటికి ఒరిగితే లోపలి చక్రం ఇంకా తేలికవుతుంది. బయలుదేరేముందు ఆగిన బండి మీదే రెండుసార్లు అభినయించి చూపండి. దిగేటప్పుడు ఫెండరు మీద అడుగు వేయవద్దని కూడా.

బరువైనవి కింద, మధ్యలో. నీళ్ల డబ్బాలు, పనిముట్లు పైన ఉన్న టూర్ ప్యాక్ పెట్టెలో పెడితే బండి బరువు కేంద్రం పైకి పోతుంది, చక్రం తొందరగా లేస్తుంది. పచ్చళ్ల సీసాలకూ ఇదే నియమం. స్పైడర్ ముందు పెట్టెలో బరువు పెట్టడం మంచిదే, మాన్యువల్‌లో ఇచ్చిన హద్దు దాటకుండా. ఇద్దరు, సామాను ఎక్కాక వెనక షాకుల గాలి పెంచుకోవాలి, ఒంటరిగా వచ్చేటప్పుడు తగ్గించుకోవాలి.

## 11. పాత బైకు అమ్మకుండా ఉంచుకుంటే

రెండూ నడపాలనుకునేవారు ఉంటారు. సాధ్యమే, కానీ మొదటి వెయ్యి మైళ్లు పూర్తయ్యేదాకా బైకుకు కవరు కప్పి ఉంచండి. ఒకే వారంలో అటూ ఇటూ మారితే చేతులు ఏ విద్యా నిలుపుకోవు.

ఆ తరువాత బండి మార్చిన ప్రతిసారీ బయటికి వెళ్లేముందు పది నిమిషాలు లాటులో అభ్యాసం 4, 6 చేయండి. తిరుగు ప్రయాణంలో మరింత జాగ్రత్త. ట్రైకు నుంచి బైకు మీదికి మారిన రోజున సిగ్నల్ దగ్గర కాలు దించడం మరిచిపోయి, నిలబడ్డ చోటే 380 కిలోల గోల్డ్‌వింగ్‌ను పక్కకు పడేయడం జరుగుతుంటుంది. హ్యాండిల్ మీద కనబడేలా ఒక రంగు పట్టీ చుట్టుకోండి: బైకుకు ఎరుపు, ట్రైకుకు పసుపు. తాళం తిప్పే ముందు చూపు దాని మీద పడాలి.